విశాలాక్షి వెనక్కి తిరిగిన వారం

సోమవారం

ఈ దినచర్యను నా చేత్తో రాస్తున్నాను. యంత్రం రాసినది చెల్లదని చట్టం. నా పేరు కోలా వైదేహి. విశాలాక్షి అనే టెలిస్కోపు దగ్గర ఉండే ఇద్దరిలో నేనొకదాన్ని. రెండో మనిషి మౌలాలి అన్న, కర్నూలు ఆయన. మరమ్మతులు ఆయనవి, నిర్ణయాలు నావి అని నియామకపత్రంలో ఉంది.

ఉదయం ఫ్యాన్ జాలీలు తుడిచాను. ఉదయం అంటే గడియారంలో ఉదయమే. ఇక్కడ సూర్యుడు ఎప్పుడూ ఒకే కిటికీలో ఉంటాడు. తర్వాత మూడు గెలాక్సీలను, ఒక తోకచుక్కను చూశాం. తోకచుక్క ఉంటుందన్న చోట లేదు, కొంచెం పక్కన ఉంది. దానికోసం టెలిస్కోపును మళ్లీ తిప్పవలసి వచ్చింది. తిప్పిన ప్రతిసారీ పలక మీద నా అరచెయ్యి ఆనించాలి. మా అమ్మ చిన్నతనంలో ఉపగ్రహాలు వాటంతట అవే దారి చూసుకునేవట. ఒకదాన్ని తప్పించుకోబోయి ఇంకొకదాన్ని గుద్దుకున్నాయి. ఆ ముక్కలు మిగతావాటిని గుద్దాయి. ఇప్పుడు భూమి చుట్టూ ఉన్న ఆ తుక్కు మెరుపులో నేల మీది టెలిస్కోపులకు ఆకాశం కనిపించదు. అందుకే విశాలాక్షిని చంద్రుడికంటే నాలుగింతల దూరంలో పెట్టారు. అందుకే అది ఇంత కదలాలన్నా మనిషి చెయ్యి కావాలి.

దిక్కు తప్పకుండా పట్టుకునే జైరోలు మొదట నాలుగు ఉండేవి. రెండు పోయాయి. మూడోది శబ్దం చేస్తోంది. నాలుగోది ఒక్కటే దిక్కు పట్టలేదు.

"మూలుగుతా ఉండాది పాపం. సక్కుబాయి కొత్తది తెచ్చేదాకా ఓపిక పట్టల్ల," అన్నాడు మౌలాలి అన్న, గోడకు చెవి ఆనించి.

సాయంత్రం ఖగోళ శాస్త్రవేత్త డాక్టర్ పేరిందేవి గారు భూమి నుంచి మాట్లాడారు. రోజూ మాట్లాడతారు, రోజూ అదే అడుగుతారు.

"చలి కెమెరా ఎంతలో ఉందమ్మా?"

"మైనస్ రెండు వందల ముప్పై మూడులో ఉన్నాదండి. నిన్నటిలాగే."

మా మాట అక్కడికి చేరడానికి అయిదు సెకన్లు, వాళ్ల మాట ఇక్కడికి రావడానికి అయిదు సెకన్లు పడుతుంది. ఆవిడతో మాట్లాడేటప్పుడు ఆ పది సెకన్లలో నేను టీ తాగుతాను.

"మంచిది. ఆదివారం దాకా అలాగే ఉంచండి."

ఆదివారం ఆవిడ నక్షత్రం ముందునుంచి ఒక గ్రహం దాటుతుంది. ఆ నక్షత్రపు వెలుగు గ్రహం చుట్టూ ఉన్న గాలిలోంచి వస్తుంది కనుక, ఆ గాలిలో నీటి ఆవిరి ఉందో లేదో చలి కెమెరా చెప్పగలదు. ఆ గ్రహం ముప్పై ఒక్క ఏళ్లకు ఒకసారి అలా దాటుతుంది. కిందటిసారి దాన్ని చూడగల పరికరం లేదు. ఆవిడ లెక్క వేసి పెట్టుకుని, ఇన్నేళ్లూ ఆగారు. ఇప్పుడు ఆవిడకు అరవై ఎనిమిది.

మంగళవారం

నీళ్ల వడపోత మార్చాం. ఒక నెబ్యులాను చూశాం. అది మబ్బులా ఉంది. మబ్బే కనుక ఫిర్యాదు లేదు.

మధ్యాహ్నం సక్కుబాయి మాట్లాడింది. బానోతు సక్కుబాయిది మహబూబాబాద్ దగ్గరి తండా. సామాన్ల పడవ తోలుతుంది. ఇక్కడి వాళ్లం దాన్ని పడవ అనే అంటాం. అందులో ఆమె ఒక్కతే ఉంటుంది. బయలుదేరి చాలా రోజులైంది. ఇంకో వారంలో మా దగ్గరికి రావాలి.

"మంచిగున్నరా అక్కా? అన్నకు జెప్పు, జైరో పదిలంగున్నది. బియ్యం గిట్ల తెచ్చిన. చింతపండు మాత్రం ఇయ్యలే, బరువెక్కువైతదన్నరు."

"నువ్వెలా ఉన్నావు సక్కూ?"

"నేను మంచిగనే ఉన్న. ఇంజనే జర దగ్గుతాంది. ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. గంత దూరం బోయి మీరు జూసేదేంది?"

"పాత వెలుతురు. కోట్ల ఏళ్ల కిందట బయలుదేరింది."

"కొత్తది దొరకలేదా?"

మౌలాలి అన్న నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు కనుక రాస్తున్నాను.

బుధవారం

ఇవాళ సక్కుబాయి దారి సరిచేసుకోవడానికి ఇంజను కొద్దిసేపు వెలిగించాలి. వెలిగించింది. అది ఆగవలసినప్పుడు ఆగలేదు. ఆ తర్వాత ఆమె గొంతు వినిపించలేదు. పడవ ఎక్కడుందో చెప్పే సంకేతం కూడా ఆగిపోయింది.

భూమి మీది కేంద్రానికి అధికారి చక్రపాణి గారు. ఆయన అన్నీ వరసగా చెప్పారు.

"ఇంజను ఎంతసేపు మండిందో, ఎటు తిరిగి మండిందో తెలియదు. కాబట్టి పడవ ఎటు పోయిందో తెలియదు. అంత దూరం రాడార్ అందదు. చంద్రుడి రేవు నుంచి రక్షణ నౌక బయలుదేరింది. దాని దగ్గర ఒక చోటికి వెళ్లి రావడానికే ఇంధనం ఉంది. ఆ చోటు ఏదో మనం చెప్పాలి."

"ఆమెకు గాలి ఎన్నాళ్లు వస్తాదండి?"

పది సెకన్లు.

"కరెంటు పోయి ఉంటే, చేతి డబ్బాలతో ఆదివారం దాకా. ఆదివారం కూడా పూర్తిగా కాదు."

గంటకోసారి ఆమెను పిలిచాను. ఈ మధ్యలో జాబితాలో ఉన్న రెండు గెలాక్సీలను చూశాం. వాటి చిత్రాలు బాగా వచ్చాయి.

గురువారం

పొద్దున ఉప్మా తింటూ మౌలాలి అన్న అన్నాడు.

"మనం సూడొచ్చు గదా వైదేహమ్మా."

"దేన్ని?"

"సక్కుబాయిని. ఇంత పెద్ద కన్ను పెట్టుకోని కూకున్నాము."

ఆయన ఏమంటున్నాడో ముందే అర్థమైంది. నేనూ రాత్రంతా అదే ఆలోచించాను. అయినా అర్థం కానట్టు అడిగాను.

విశాలాక్షి ఎండ తగలకుండా ఒక గొడుగు నీడలో ఉంటుంది. ఆ గొడుగు మా ఊళ్లో మార్కెట్టు యార్డంత ఉంటుంది. మా గది గొడుక్కి ఎండవైపు ఉంది, టెలిస్కోపు నీడవైపు ఉంది. సూర్యుడు, భూమి, చంద్రుడు మూడూ ఇక్కడినుంచి ఒకేవైపు ఉంటాయి. కనుక విశాలాక్షి ఎప్పుడూ ఇంటికి వీపు పెట్టి బయటికే చూస్తుంది. సక్కుబాయి భూమి వైపునుంచి వస్తోంది. ఆమెను వెతకాలంటే విశాలాక్షిని వెనక్కి తిప్పి, గొడుగు అంచు మీదినుంచి తొంగి చూడాలి. అలా చేస్తే ఎండ లోపలికి వస్తుంది. వేడిని పసిగట్టే చలి కెమెరా తానే వేడెక్కితే పగులుతుంది. దాన్ని ఇక్కడ బాగుచేయలేం.

"ఆమె బతికుందో లేదో తెలీదు కదా అన్నా," అన్నాను.

"అవు. సూస్తే తెలుస్తాది."

"మూడో జైరో పట్టు వదిలీసిందంటే సూర్యుడి మీదకే తిరిగిపోతాం. అప్పుడు కెమెరానే కాదు, మనం కూడా ఉండం."

"అదీ నిజమే."

ఆయన గిన్నె కడుక్కుని వెళ్లిపోయాడు. సూర్యుడి వైపు తిప్పాలంటే ఒక చెయ్యి చాలదు. ఇద్దరి చేతులూ పలక మీద ఉండాలి. ఆయన తన చేతిని సాయంత్రం దాకా ఖాళీగా ఉంచుకున్నాడు. ఏ పనీ ముట్టలేదు.

చక్రపాణి గారిని అడిగాను.

"చెయ్యమని నేను చెప్పలేను. వద్దని కూడా చెప్పలేను. చట్టం ప్రకారం తిప్పే నిర్ణయం అక్కడున్న మనుషులదే," అన్నారు. తర్వాత, "నేను మీ చోట లేనందుకు సంతోషిస్తున్నాను. ఇది రికార్డులో ఉన్నా ఫర్వాలేదు," అన్నారు.

సాయంత్రం పేరిందేవి గారు మామూలు వేళకే మాట్లాడారు. ఉష్ణోగ్రత అడగకముందే విషయం చెప్పాను. టీ తాగలేదు.

"నన్నెందుకు అడుగుతున్నావమ్మా? నేను వద్దంటే ఆగుతావా?"

అప్పటిదాకా నాకు తెలియదు. జవాబు చెప్పబోయేటప్పుడు తెలిసింది.

"ఆగనండి."

పది సెకన్లు.

"మరి అడగడం దేనికి? మీరు దాన్ని పాడుచేస్తారు, నేను ఔనంటే మీకు తేలిగ్గా ఉంటుంది. నేను అననమ్మా. నాకు కోపంగా ఉంది. ముప్పై ఏళ్ల పనిని మూడు రోజుల ముందు తీసుకుపోయి ఎండలో పెడతామంటున్నారు. కోపంగా ఉండదా?"

"ఉంటాదండి."

"కాగితం తీసుకో."

తీసుకున్నాను.

"కెమెరా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. తిప్పాక మొదటి కొన్ని నిమిషాలే మీవి. ఆ తర్వాత అద్దమే పొయ్యిలా అవుతుంది, ఎటు చూసినా వేడే కనిపిస్తుంది. పడవ మెరుపు కోసం వెతక్కండి. ఎండలో రాయి కూడా మెరుస్తుంది. నీడవైపు కూడా గోరువెచ్చగా ఉన్నదాన్ని వెతకండి. మనిషి ఉన్న గది అలా ఉంటుంది. ఆమె దారిలో భూమికి దూరంగా ఉన్న కొసనుంచి మొదలుపెట్టి భూమి వైపు రండి. ఇంజను ఎక్కువ మండింది కనుక ఆమె అనుకున్నదానికంటే ముందుకే వెళ్లి ఉంటుంది. ఒక్కో చోట రెండేసి చిత్రాలు తియ్యండి. రెండింటి మధ్యా జరిగితేనే అది పడవ. రాసుకున్నావా?"

"రాసుకున్నానండి."

లైను కట్ అయింది. మౌలాలి అన్న గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"పొద్దున్నే ఎండ తగ్గుతాదేమో సూద్దాం," అన్నాడు.

ఇక్కడ ఎండ తగ్గదు. ఆయన జోక్ చేశాడు. ఒకే వారంలో ఇది రెండోసారి.

శుక్రవారం

ఇద్దరం చేతులు పెట్టాం. నా చెయ్యి చెమటతో జారితే పలక ఒప్పుకోలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టాను.

విశాలాక్షి చాలా నెమ్మదిగా తిరుగుతుంది. గడియారంలో నిమిషాల ముల్లంత నెమ్మదిగా. దాన్ని కట్టిన తర్వాత ఎన్నడూ ఇటు తిరగలేదు. గొడుగు అంచు దాటగానే కెమెరా ఉష్ణోగ్రత కదలడం మొదలైంది. ఒక డిగ్రీ, తర్వాత మరొకటి.

మొదటి చోట రెండు చిత్రాలు తీశాం. నక్షత్రాలు తప్ప ఏమీ లేవు. రెండో చోటా అంతే. మూడో చోట ఒక మూల తెల్లగా కాలిపోయి వచ్చింది.

"అదేంది?" అన్నాడు మౌలాలి అన్న.

"భూమి అంచు. కొంచెం ఎక్కువ తిరిగాం."

ఇద్దరం ఒక క్షణం దాన్నే చూశాం. చిత్రం పనికిరాదు కనుక పక్కన పెట్టి, కొద్దిగా వెనక్కి జరిపాం. కెమెరా అప్పటికే పదకొండు డిగ్రీలు వేడెక్కింది. అద్దం అంచుల్లో పొగమంచులాంటి వెలుగు మొదలైంది. పేరిందేవి గారు చెప్పిన పొయ్యి అదే.

నాలుగో చోట ఒక చుక్క ఉంది. రెండో చిత్రంలో అది కొంచెం జరిగింది.

దాని వెచ్చదనం కొలిచాను. రాయి అయితే ఎండ వైపు కాగి, నీడ వైపు గడ్డకట్టి ఉండాలి. ఇది అలా లేదు. లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్న గదిలా, అంతటా ఒకేలా, పన్నెండు డిగ్రీలు ఉంది.

"చలికి వణుకుతా ఉంటాది బిడ్డ," అన్నాడు మౌలాలి అన్న. "లెక్క పంపించు."

ఆ చోటు లెక్క భూమికీ, రక్షణ నౌకకూ పంపాను. సరిచూడడానికి ఇంకో చిత్రం కావాలన్నారు. ఆ మూడో చిత్రం కోసం అక్కడే ఉన్నాం. అప్పుడు గోడలోంచి వస్తున్న మూలుగు ఆగింది. మూడో జైరో పోయింది.

విశాలాక్షి తనంతట తాను తిరగడం మొదలైంది, సూర్యుడి వైపే. మౌలాలి అన్న చేతి పిడి లాక్కుని, పక్కనున్న చిన్న ఇంజన్లను ఒక్కొక్కటిగా వెలిగించాడు. వంద మందితో ఏరు దాటుతున్న పంటును ఒక్క తెడ్డుతో ఆపుతున్నట్టుంది. నేను కెమెరా అంకె చదువుతూ ఉన్నాను. అది నా పని కనుక ఆపలేదు. మైనస్ నూట ఎనభై. మైనస్ నూట ముప్పై. మైనస్ అరవై. ఒకచోట తెర నల్లబడింది. ఆ తర్వాత అంకె రాలేదు.

గొడుగు నీడ మళ్లీ మా మీదికి వచ్చేసరికి మౌలాలి అన్న చొక్కా పూర్తిగా తడిసిపోయింది. మేము బాగానే ఉన్నాం. కెమెరా లేదు.

నేనే పేరిందేవి గారికి చెప్పాను.

"దొరికిందా?" అన్నారు.

"దొరికిందండి. కెమెరా పోయింది."

"ఎంతదాకా వెళ్లింది?"

"మైనస్ అరవై దాకా చదివాను. తర్వాత తెలీదు."

పది సెకన్లు. ఇంకో పది.

"సరే," అని ఆవిడ లైను పెట్టేశారు.

శనివారం

చూడవలసినవి ఏమీ లేవు. ఫ్యాన్ జాలీలు తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను. మౌలాలి అన్న చచ్చిపోయిన జైరోను విప్పి, లోపల ఏమైందో చూసి, మళ్లీ బిగించాడు. ఏమైందని అడిగితే "ముసలిదైంది" అన్నాడు.

రక్షణ నౌక దారి మార్చుకుందని చక్రపాణి గారు చెప్పారు. పేరిందేవి గారు ఇవాళ మాట్లాడలేదు.

ఆదివారం

మధ్యాహ్నం ఆ గ్రహం ఆ నక్షత్రం ముందునుంచి దాటింది. లెక్క ప్రకారం దాటి ఉంటుంది. దాటే సమయంలో నేను తెర ముందు కూర్చున్నాను. తెర నల్లగా ఉంది. వేరే పని లేదు కనుక కూర్చున్నానని రాద్దామనుకున్నాను. అది నిజం కాదు. ఆవిడ తరఫున ఎవరో ఒకరు అక్కడ ఉండాలనిపించింది.

చలి కెమెరా ఉంటే ఆ గాలిలో నీరుందో లేదో ఈ పాటికి తెలిసేది. ఉండి ఉండవచ్చు.

సాయంత్రం రక్షణ నౌక నుంచి కబురు వచ్చింది. పడవ చెప్పిన చోటే ఉంది. సక్కుబాయి బతికే ఉంది. రెండు కాలివేళ్లు మొద్దుబారాయి. తలుపు తెరిచినప్పుడు ఆఖరి గాలి డబ్బా సగం వాడి ఉందట. ఆమె మొదట అన్న మాటను నౌకవాళ్లు ఉన్నదున్నట్టు పంపారు: "ఇంత ఆలస్యమా, నేనేమన్న జాతరకొచ్చిన్నా?"

మౌలాలి అన్న ఆ కబురును రెండుసార్లు చదివించుకున్నాడు. నేను అన్నం వండాను.

ఆ గ్రహం నక్షత్రాన్ని దాటిన రోజే సక్కుబాయి గండం దాటిందని పేరిందేవి గారికి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

మరుసటి గురువారం

విచారణ అధికారి భూమి నుంచి రెండు రోజులు ప్రశ్నలు వేశాడు. ఎవరి చెయ్యి ముందు ఆనింది అని అడిగాడు. గుర్తులేదన్నాను. మౌలాలి అన్న తనదే ముందన్నాడు. పలక లెక్కలో నాదే ముందుంది. చలి కెమెరా మారుస్తారా, విశాలాక్షిని మూసేస్తారా అన్నది ఇంకా తేల్చలేదు. తేల్చేదాకా మమ్మల్ని ఇక్కడే ఉండమన్నారు.

దగ్గరి రేవు మాదే కనుక, రక్షణ నౌక పడవను ఇక్కడికే లాక్కొచ్చింది. సక్కుబాయి కుంటుతూ లోపలికి వచ్చింది. నేననుకున్నదానికంటే పొట్టి మనిషి. చేతిలో జైరో పెట్టె ఉంది.

"ఇగో అన్నా, నీ సామాను," అంది. తర్వాత మా ఇద్దరినీ చూసింది. మౌలాలి అన్న పెట్టె అందుకుని కింద పెట్టి, ఆమె తల మీద చెయ్యి వేశాడు.

అన్నం తింటుండగా పేరిందేవి గారి లైను వచ్చింది. శుక్రవారం తర్వాత ఇదే మొదటిసారి. ముద్ద కంచంలో వదిలి లేచాను. ఉష్ణోగ్రత అడగడానికి ఇప్పుడేమీ లేదు.

"ఆ అమ్మాయి వచ్చిందా?"

"వచ్చిందండి. ఇక్కడే ఉన్నాది."

"ఇవ్వు."

సక్కుబాయి చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడింది. నౌకవాళ్లు ఆమెకు అంతా చెప్పినట్టున్నారు. ఎదురుగా మనిషి ఉన్నట్టు చొక్కా సర్దుకుంది.

"మేడం, మీ పని నా వల్ల..."

మాట ఇంకా దారిలో ఉండగానే అవతలినుంచి ప్రశ్న వచ్చింది.

"నీకెన్నేళ్లమ్మా?"

"ముప్పై నాలుగు."

పది సెకన్లు. మౌలాలి అన్న కంచం పక్కన పెట్టాడు.

"ఆ గ్రహం మళ్లీ ముప్పై ఒక్క ఏళ్లకు వస్తుంది. అప్పటికి నీకు అరవై అయిదు. నేనుండను. నువ్వుంటావు. నువ్వు చూడాలి."

సక్కుబాయి నా వైపు చూసింది.

"నాకు నచ్చత్రాల సంగతి తెల్వది మేడం. నేను సామాన్లు తోలేదాన్ని. పదో తరగతి కూడ రెండుసార్లు రాసిన."

మేం ముగ్గురం ఆవిడ గొంతు వచ్చే నల్లటి పెట్టె వైపు చూస్తూ ఆగాం.

"ముప్పై ఒక్క ఏళ్లు టైముంది కదా," అంది పేరిందేవి గారి గొంతు. "అంత నిదానంగా నేర్చుకునేవాళ్లను నేనింతవరకు చూడలేదు. భోజనం అయిందా?"

"సగమైంది."

"తినేసి రా. లైన్లోనే ఉంటాను."

సక్కుబాయి వెళ్లి కంచం ముందు కూర్చుంది. ముద్ద కలిపింది కానీ వెంటనే తినలేదు. ఆమె తిన్నంతసేపూ లైను తెరిచే ఉంది. అవతలినుంచి కుర్చీ జరుపుకున్న చప్పుడు, కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించాయి.